రక్తం ఇచ్చినవాళ్లకి జవాబు బాకీ

మా అమ్మ బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరుంది. రేషన్ కార్డు, పొలం పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సులు అన్నీ అందులోనే పెడుతుంది. వాటి మధ్య అరచేతిలో సగముండే చీటీ ఒకటి. నల్లగీతల స్టిక్కరు, దాని కింద ఒక నెంబరు, ఎవరో నీలం ఇంకుతో రాసిన తేదీ. ఆ తేదీ ఇప్పుడు చెమ్మ తగిలి అలుక్కుపోయింది. కిడ్నీ జబ్బుల మీద పరిశోధనకని మా ఊరొచ్చిన ఒక బృందం రామాలయం అరుగు మీద బల్లలు వేసి, మా నాన్న దగ్గర రక్తమూ మూత్రమూ తీసుకుని ఇచ్చిన చీటీ అది. రిపోర్టు వచ్చాక ఈ నెంబరు చెబితే చాలన్నారట. ఎవరికి చెప్పాలో చెప్పలేదు. రిపోర్టూ రాలేదు. అమ్మ మాత్రం ఆ చీటీ పారెయ్యలేదు. నేను ఇంటికెళ్లినప్పుడల్లా ఒకసారైనా అడుగుతుంది, "వోళ్లేటైనా ఫోను సేసినారా?" అని.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర, ఉద్దానంలో. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య పల్లె. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూడు దశాబ్దాలకు పైగా కారణం తేలని కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తంలో చూసి చెప్పే అంకె క్రియాటినిన్. బడి ముఖం చూడని ముసలమ్మకి కూడా మా వైపు ఆ మాట వచ్చు. ఇద్దరు కలిస్తే "నీకెంతొచ్చినాది?" అని అడుగుతారు, వచ్చిన అంకె చెప్పుకుంటారు. శ్రీలంకలో వరి పండించే ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, నొప్పి మాత్రలా? ఇదిగో ఇదే అని వేలు పెట్టి చూపించగలిగినవాళ్లు ఇప్పటికీ లేరు. దొరక్కపోవడాన్ని నేను తప్పుపట్టను. ఇలాంటివి తేలడానికి ఏళ్లు పడతాయి. "వెతికాం, ఇంకా దొరకలేదు, మీ రక్తంలో మాకు కనిపించింది ఇదీ" అని తిరిగొచ్చి ఒక్క మాట చెప్పకపోవడాన్ని తప్పుపడతాను.

నేను క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌ని. విశాఖపట్నంలో జీర్ణకోశ క్యాన్సర్లకి ఏ వైద్యం మంచిదో రోగుల సాయంతో తేల్చే పరీక్షల్లో, ట్రయల్స్‌లో పనిచేస్తాను. అంటే రక్తం తీసుకుని చీటీ ఇచ్చే బల్లకి అటువైపు కూర్చునేదాన్ని ఇప్పుడు నేనే. అందుకే ఈ మాట నేను చెప్పకపోతే తప్పవుతుంది.

ఈ పనిలోకి నన్ను తెచ్చింది మా నాన్న కడుపులో గడ్డ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీద పడింది. తెల్లారి లేచి చూస్తే మా తాత నాటిన కొబ్బరిచెట్లు వరసగా నేలమీదున్నాయి. ఆ తర్వాత నాన్న నీరసపడ్డాడు. తోటదాకా నడిస్తే ఆయాసం. చెట్లు పోయిన దిగులన్నారు అందరూ. మా ఊళ్లో మనిషి నీరసపడితే మొదట చూసేది కిడ్నీలే. చూపించాం. క్రియాటినిన్ 1.0. ఆ సాయంత్రం అమ్మ పరమాన్నం వండింది. అదే కాగితం మీద రెండు వరసల కింద హిమోగ్లోబిన్ 6.4 అని ఉంది, అంటే ఒంట్లో రక్తం బాగా తక్కువని. దాన్నెవరం పట్టించుకోలేదు. కిడ్నీ కాదంటే చాలు, ఇంకేదైనా చిన్నదే అనుకునే స్థితికి మా ప్రాంతం వచ్చేసింది. ఒక పెద్ద జబ్బు నీడలో మిగతా జబ్బులు ఎలా కనపడకుండా పోతాయో మా ఇంట్లోనే చూశాను.

ఐరన్ మాత్రలు రాసిచ్చారు. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. కడుపులో రక్తం కారుతున్నా నల్లగానే అవుతుంది, కాకపోతే తారులా జిగటగా, ముక్కు పగిలే వాసనతో ఉంటుంది. ఐదు నెలలపాటు ఆ నలుపంతా ఐరన్ మాత్రదే అనుకున్నాం. నేను బీ ఫార్మసీ చదివినదాన్ని. అప్పటికి పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ పని చేస్తున్నాను. రోజంతా మాత్రల్లో మలినం ఎన్ని పాళ్లుందో కొలిచేదాన్ని. నాకూ తట్టలేదు.

చివరికి ఎండోస్కోపీ చేశారు. కడుపులో ఒకచోట ఉబ్బుగా ఉంది, ముక్క తీసి పంపారు, బయాప్సీలో ఏమీ లేదని వచ్చింది. ఈ రకం గడ్డ కడుపు లోపలి పొరలో పుట్టదు, దాని కింద కండరంలో పుడుతుంది. పైపొర గిల్లితే దొరకదు. ఈ సంగతి తెలిసిన డాక్టరు దగ్గరికి చేరడానికి మాకు మరో రెండు నెలలు పట్టింది. సీటీ స్కాన్లో తొమ్మిది సెంటీమీటర్ల గడ్డ కనపడింది. ఒక ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టుకుని చూసి, కడుపు క్యాన్సర్, ముదిరిపోయింది, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి పెట్టండి అన్నాడు. నాన్న పక్కనే ఉన్నాడు. మా చిన్నాన్న ఒప్పుకోక విశాఖ తీసుకెళితే అక్కడ ఆపరేషన్ చేశారు. గడ్డ ముక్కకి సీడీ117 అనే పరీక్ష చేయించమన్నారు. పన్నెండు రోజులకి పాజిటివ్ అని వచ్చింది. జబ్బు పేరు మారిపోయింది. అది మామూలు కడుపు క్యాన్సర్ కాదు, జిస్ట్.

కడుపూ పేగులూ లయగా కదలడానికి గోడల్లో కొన్ని కణాలు దరువు వేస్తుంటాయి. జిస్ట్ ఆ జాతి కణాల్లో పుట్టే అరుదైన క్యాన్సర్. ఏడాదికి పది లక్షల మందిలో 10 నుంచి 15 మందికి వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో మా ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా సుమారు 27 లక్షలు. ఆ లెక్కన ఏటా పాతిక నుంచి నలభై మంది దాకా ఉండాలి. అరుదు అన్న మాట వినగానే మనకి కాదులే అనిపిస్తుంది. ఏటా ఒక బస్సుడు మనుషులు. వాళ్లలో ఎంతమంది కాగితాల మీద జబ్బు అసలు పేరు ఉంటుందో, ఎంతమంది ఐరన్ మాత్రల దగ్గరే ఆగిపోతారో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

2000కి ముందు ఈ జబ్బు పాకిపోతే చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు, కీమోకి లొంగేది కాదు. 1998లో జపాన్ పరిశోధకులు దీని మూలం కిట్ అనే జన్యువులో మార్పు అని కనుక్కున్నారు. అప్పటికే ఒక రకం రక్త క్యాన్సర్‌కి పరీక్షిస్తున్న ఇమాటినిబ్ ఆ కిట్‌ని కూడా ఆపుతుందని తేలింది. 2000 మార్చిలో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో, జిస్ట్ పాకిపోయిన ఒక మహిళకి ఆ మాత్ర ఇచ్చారు. వారాల్లోనే గడ్డలు తగ్గుముఖం పట్టాయి. మరుసటి ఏడాది వైద్య పత్రికలో వచ్చింది ఆ ఒక్క మనిషి కథే. ఆమె పేరు ప్రపంచానికి తెలియదు. 2002లో అమెరికాలో ఈ జబ్బుకి ఆ మందుని అనుమతించారు.

మా నాన్న మూడేళ్లు రోజుకొక మాత్ర వేసుకున్నాడు. 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్లతో. పొద్దున్న లేచేసరికి కళ్లచుట్టూ వాచి ఉండేది, ఏడ్చినవాడి మొహంలా కనిపించేవాడు. రాత్రుళ్లు పిక్కలు పట్టేసేవి, అమ్మ కొబ్బరినూనె వేడిచేసి రుద్దేది. ఏడాదికే విసుగొచ్చి "ఇంకెన్నాళ్లమ్మా?" అని అడిగాడు. మూడేళ్లే ఎందుకో నాకప్పుడు తెలియదు. తర్వాత చదివాను. ఫిన్లాండ్, స్వీడన్, నార్వే, జర్మనీల్లో 24 ఆస్పత్రుల్లో 400 మంది, ఆపరేషన్ అయ్యాక తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్నవాళ్లు, ఒక ట్రయల్‌కి ఒప్పుకున్నారు. సగం మందికి ఏడాది, సగం మందికి మూడేళ్లు. ఐదేళ్లకి మూడేళ్లవాళ్లలో నూటికి 92 మంది బతికున్నారు, ఏడాదివాళ్లలో సుమారు 82 మంది. ఫలితాలు 2012లో వచ్చాయి. ఆ పదిమంది తేడా కోసం నాన్న పిక్కల నొప్పి ఓర్చుకున్నాడు. ఇవాళ తోటలో మళ్లీ నాటిన కొబ్బరిమొక్కలకి నీళ్లు పెడుతున్నాడు.

ఆ మాత్ర మా ఇంటిదాకా రావడానికి ఇంకో పోరాటమూ ఉంది. విదేశీ కంపెనీ నోవార్టిస్ మందు నెలకి లక్షా ఇరవై వేలదాకా ఉండే రోజుల్లో మన కంపెనీల మాత్ర పదివేల లోపే దొరికేది. హైదరాబాద్ నాట్కో అలా తయారుచేసినవాళ్లలో ఒకటి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంటు అర్జీని తోసిపుచ్చింది. ఆ తీర్పు రాకపోయుంటే మా తోట అమ్మినా మూడేళ్లు గడిచేది కాదు.

ఇప్పుడు నా మాట. ఆ 24 ఆస్పత్రుల్లో మన దేశపుది ఒక్కటీ లేదు. దానివల్ల మనకి మేలు రాలేదని అనను, వచ్చింది, మా నాన్నే సాక్ష్యం. కానీ ఎప్పుడూ ఇంకొకరి ఒంటి మీద తేలిన లెక్కతోనే మన ఒళ్లు నడుపుకోవడం సరిపోదు. మన ప్రశ్నలు వేరు. ఉదాహరణకి పిత్తాశయ క్యాన్సర్. ఐరోపాలో అరుదు, ఉత్తర భారతంలో ఆడవాళ్లని ఎక్కువగా పట్టుకునే జబ్బు. ఆపరేషన్‌కి అందని దశలో కీమో ఇస్తే లాభమా, ఊరికే హింసా? ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 81 మందితో చిన్న ట్రయల్ చేసి 2010లో జవాబు చెప్పారు. ఉపశమన వైద్యం మాత్రమే అందినవాళ్లు సగటున నాలుగున్నర నెలలు, పాత కీమో తీసుకున్నవాళ్లూ దాదాపు అంతే, జెమ్‌సిటాబిన్, ఆక్సాలిప్లాటిన్ కలిపి ఇచ్చినవాళ్లు తొమ్మిదిన్నర నెలలు. రెండూ పేటెంటు గొడవ లేకుండా దొరికే మందులే. కొత్త మందు అమ్ముకునే కంపెనీకి ఇలాంటి ప్రశ్నతో పనిలేదు. ఆ జబ్బు ఉన్న దేశం అడగాల్సిన ప్రశ్న అది.

ఇంకొకటి, చిన్నదే గానీ నాకు చాలా ఇష్టమైనది. కీమో వాంతులకి ఒలాంజపిన్ మాత్ర ఇస్తారు, 10 మిల్లీగ్రాములు. బాగా పనిచేస్తుంది, కానీ మనిషిని మత్తులో పడేస్తుంది. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. వాంతులు అంతే బాగా ఆగాయి, మత్తు తగ్గింది. 2024లో వచ్చిందా ఫలితం. కీమో ఎక్కించుకుని సాయంత్రం పలాస ప్యాసింజర్ పట్టుకోవాల్సినవాడికి ఆ తేడా ఎంతో నాకు తెలుసు. తూలుతూ మెట్లెక్కి, నిద్రమత్తులో దిగాల్సిన స్టేషన్ దాటిపోయినవాళ్లని చూశాను.

"ముందు డయాలసిస్ మంచాలు, మందులు ఇవ్వండి, పరిశోధనలు తర్వాత" అని మా ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లే నాతో వాదిస్తారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ పై రెండూ చూడండి. అవి పరిశోధనలే, పేదవాడికి తక్కువ ఖర్చులో మంచి వైద్యం ఎలా అందించాలో తేల్చిన పరిశోధనలు. అన్నం వండుకోవడం వేరు, ఏ బియ్యం పండించాలో తేల్చుకోవడం వేరు అంటామా? రెండూ ఒక ఇంటి పనులే.

ఇంకో మాట అంటారు, దానికి జవాబివ్వడం ఇంత తేలిక కాదు. "మమ్మల్ని ఎలకల్లా వాడుకుంటారు." 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్లలోని ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. తల్లిదండ్రుల బదులు చాలాచోట్ల వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. అయినా అనుమతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినంత మాత్రాన అమ్మానాన్నని అడక్కుండా పిల్ల చేయి పట్టుకోవచ్చా? నా వృత్తిలో ఉన్నవాళ్లు ఖమ్మం పేరెత్తితే మాట మారుస్తారు. మార్చకూడదు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు చెప్పాల్సిన పాఠం అదే.

ఆ తర్వాత చట్టం మారింది. ట్రయల్స్ మీద వచ్చిన 2019 రూల్స్ ప్రకారం, పరిశోధనకి అనుమతివ్వాలో వద్దో తేల్చే నైతిక కమిటీలో కనీసం సగం మంది ఆ సంస్థకి సంబంధం లేని బయటివాళ్లు ఉండాలి, వైద్యం తెలియని మామూలు మనిషి కూడా ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చెయ్యాలి, నష్టపరిహారం ఇవ్వాలి. అనుమతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ రోగి చేతికివ్వాలి. చదువు రానివాళ్లయితే ఏ సంబంధమూ లేని సాక్షి పక్కనుండాలి. కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి.

అర్థమయ్యే భాష అన్న దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. నా చేతిలోకి వచ్చే తెలుగు పత్రం పదిహేడు పేజీలు. అందులో "యాదృచ్ఛికీకరణ" అని ఉంటుంది. "ప్రతికూల సంఘటన" అని ఉంటుంది. ఒకసారి మందస వైపు నుంచి వచ్చిన పెద్దాయన (ఆయన్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను) ఎదురుగా కూర్చున్నాడు. పంచె కొంగులో టికెట్లు ముడేసుకున్నాడు. నాలుగో పేజీ చదువుతుంటే ఆయన కళ్లు కిటికీ వైపు వెళ్లిపోయాయి. పత్రం పక్కన పెట్టి మా మాటలో చెప్పాను. తాతా, రెండు రకాల వైద్యం ఉంది, ఏది మంచిదో డాక్టర్లకీ తెలీదు, తెలీదు కాబట్టే ఈ పరీక్ష, నీకేది ఇవ్వాలో డాక్టరు తేల్చడు, నేనూ తేల్చను, చీటీలేసినట్టు కంప్యూటరు తేలుస్తుంది. ఆయన చాలాసేపు ఆలోచించి అడిగాడు:

"సీటీలో ఏది పడ్డా పర్లేదు గానీ, నన్ను మద్దిలో ఒగ్గీరు గదా అమ్మా?"

పదిహేడు పేజీల్లో ఆ ప్రశ్నకి జవాబు ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చని, తప్పుకున్నా మామూలు వైద్యం ఆగదని. పదకొండో పేజీలో ఉంది. మొదటి వాక్యంగా ఉండాల్సింది అది.

తర్వాత దూరం. సోంపేట నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైమాటే. అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లాలంటే ఊరు దాటి ఇంకా అటు. మూడు వారాలకొకసారి రావాలి, కొన్ని రోజులు పొద్దున్న ఎనిమిదికే రక్తం ఇవ్వాలి, అంటే ముందురోజు రాత్రే బయలుదేరాలి. తోడుగా వచ్చే కోడలు పలాసలో జీడిపిక్కల కార్ఖానాకి ఆ రెండు రోజులూ సెలవు పెట్టాలి, కూలి పోతుంది. దారి ఖర్చు ఇస్తారు, కానీ టికెట్లు చూపించాక, ఆ తర్వాతెప్పుడో. ముందు పెట్టుకోవడానికే డబ్బు లేనివాడి సంగతి? వాళ్లు "ఆలోచించి చెబుతాం" అని వెళ్లిపోతారు. మా రిజిస్టర్లో "రోగి నిరాకరించారు" అని రాస్తాం. నేనే రాశాను, చాలాసార్లు. ఆ మాట అబద్ధం. వాళ్లు నిరాకరించలేదు. వాళ్లకి అందే దూరంలో మనం పెట్టలేదు.

పెట్టగలం. శ్రీకాకుళంలో రిమ్స్ ప్రభుత్వాస్పత్రి ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆస్పత్రి తెరిచారు. విశాఖలో నడిచే ట్రయల్‌కి రక్త పరీక్షలూ, బరువూ బీపీ చూడటమూ, మాత్రల లెక్కా అక్కడే చెయ్యొచ్చు. డాక్టరు వీడియో కాల్లో మాట్లాడొచ్చు. కీమో రోజుకి మాత్రం విశాఖ వస్తే చాలు. 2007లో ఆరోగ్యశ్రీని మొదట మూడు జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు శ్రీకాకుళం అందులో ఒకటి. మా జిల్లాలో మొదలుపెడితే నడవదనే మాట ఆరోజే తప్పని తేలింది. అరుదైన జబ్బుల విషయంలో ఇది ఇంకా అవసరం. 2021 జాతీయ విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది, కానీ దానికి గుర్తించిన కేంద్రానికి చేరాలి. అరుదైన జబ్బులున్న మా వైపు పిల్లలు మొదట్నుంచీ వెళుతున్నది హైదరాబాద్‌కే, నిమ్స్ ఆస్పత్రి, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీల దగ్గరికి. మేనరికాలు ఎక్కువున్న మా పల్లెల్లో అలాంటి పిల్లలున్న ఇళ్లు నాకు తెలుసు.

కానీ దూరం తగ్గించినంత మాత్రాన చీటీ బాకీ తీరదు. ఉద్దానంలో దూరం లేదు, పరిశోధనే గుమ్మంలోకి వచ్చింది. జవాబే రాలేదు. ఎవరి రక్తంతో లెక్క తేలిందో వాళ్లకి ఆ లెక్క ముందు చెప్పాలి, వైద్య సభల్లో చెప్పకముందే. వాళ్ల మాటలో, ఒక్క పేజీలో. ఏమీ తేలకపోతే ఏమీ తేలలేదని. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఫోనూ ఒక ఉద్యోగీ చాలు. ఆ ఫోన్లు చేసే ఉద్యోగి జీతం కూడా పరిశోధన బడ్జెట్లో ఒక వరస కావాలని, అది లేని ప్రాజెక్టుని నైతిక కమిటీ వెనక్కి పంపాలని నేను గట్టిగా అడుగుతున్నాను. మా దగ్గర కమిటీ ముందు రెండుసార్లు అడిగాను. రెండోసారి ఒప్పుకున్నారు.

అలా మొన్న ఫోన్లు చేశాను. మందస పెద్దాయన నెంబరుకి ఆయన కొడుకు ఎత్తాడు. ఆయన పోయాడని నాకు తెలుసు. పరీక్ష మొదలైన ఏడో నెలలో పోయాడు, చివరి రెండు విజిట్లకి రాలేకపోయాడు. మా డాక్టరుతో కూర్చుని రాసుకున్న ఒక్క పేజీ నెమ్మదిగా చదివాను. అటు నుంచి బస్సు హారన్లు, ఎవరో టీ అడగడం వినిపిస్తున్నాయి. చదవడం అయ్యాక కాసేపు ఏమీ మాట్లాడలేదు అతను.

"మద్దిలోనే పోనాడు కదమ్మా. మా అయ్య లెక్కలోకొచ్చినాడా?"

వచ్చాడన్నాను. చీటీ పడిన రోజు నుంచి ప్రతి మనిషీ లెక్కలో ఉంటాడని, మధ్యలో ఆగిపోయినవాళ్లని తీసెయ్యడానికి వీల్లేదని, తీసేస్తే లెక్కే తప్పవుతుందని చెప్పాను. ఆయన నెంబరు ఎంతో అడిగాడు. చెప్పాను. ఉండమ్మా, పెన్ను తెచ్చుకుంటాను అన్నాడు.